చెవి మేస్త్రి

ప్రింటర్లు బాగుచేసేవాళ్లలో ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఫ్యాన్లు ఆపించేవాడు. మాట్లాడేవాళ్ల నోళ్లు మూయించేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మిషన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. నాలుగు కాగితాలు బయటికొచ్చేసరికి సంగతి తేలిపోయేది. టపటపమంటే కాగితం లాగే రోలరు అరిగింది, కటకటమంటే గేరు పళ్లు పోయాయి, సన్నగా కీచుమంటే కాగితాన్ని వేడిచేసే ఫ్యూజరుకు రోగం వచ్చింది. మిగతావాళ్లు మిషన్ మొత్తం విప్పి బల్ల మీద పరుచుకుని తలలు గోక్కుంటుంటే, ఈయన ఒక్క మూత తీసి పని కానిచ్చేసి వచ్చేవాడు. ఇరవై ఆరేళ్లు అలాగే గడిచాయి. ఆ గొప్ప కాస్త తలకెక్కిందంటే ఎక్కింది, కాదనను.

మూడో అంతస్తులో ఉన్న ఒక ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లడం మాత్రం ఈ నెలలో ఇది మూడోసారి. ఫిర్యాదు ఒక్కటే, మిషన్ చప్పుడు చేస్తోందని. మొదటిసారి రోలరు మార్చాడు. రెండోసారి గేరు మార్చాడు. రెండూ అరిగినవే, అందులో అబద్ధం లేదు. చప్పుడు మాత్రం పోలేదు. పొద్దున సంచి భుజాన వేసుకుంటుంటే ఆయన పనిచేసే రిపేరు షాపు ఓనరు దగ్గరికొచ్చాడు.

"మేస్త్రీ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా. ఇవాళ కూడా అది పోకపోతే ఇంక మిమ్మల్ని పంపలేను. ఇంట్లో విశ్రాంతి తీసుకోండి."

ఆ విశ్రాంతికి అర్థమేమిటో తెలియనంత అమాయకుడు కాదు మేస్త్రి.

అసలు సంగతి ఆయనకు ఏడాదిగా తెలుసు. ఒకరోజు కుక్కరు మూడు కూతలేశాక పొయ్యి కట్టేయమని చెప్పి భార్య స్నానానికి వెళ్తే, పప్పు మాడి పొగ ఇల్లంతా కమ్మేదాకా ఈయన పేపరు చదువుతూ కూర్చున్నాడు.

"చెవుల్లో ఏం పెట్టుకున్నారండీ?" అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ముప్పై ఏళ్లు నీ అరుపులు విన్న చెవులే! ఇంకా ఏం మిగులుతాయి?" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత తర్వాత ఆవిడ నవ్వడం మానేసింది. మాట్లాడే ముందు భుజం తట్టడం మొదలుపెట్టింది. ఆవిడ తట్టినప్పుడల్లా ఆయన గుండె కలుక్కుమనేది. మాటలు వినపడుతున్నాయి, లావు చప్పుళ్లు వినపడుతున్నాయి, సన్నవే పోయాయి. ఎవరితోనూ అనలేదు. అంటే ఇంక చెవి మేస్త్రిలో మిగిలేదేముంది?

"రండి బాబాయ్‌గారూ, దాని దెబ్బకు తల పగిలిపోతోంది" అంది, ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో అడుగుపెట్టగానే, మిషన్ పక్కనే కూర్చునే క్లర్కమ్మాయి.

"కాగితం లోపలికి వెళ్లేటప్పుడామ్మా, బయటికొచ్చేటప్పుడా?" ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

ఆ అమ్మాయి వింతగా చూసింది. ఆయన ఇంతకు ముందు ఎవర్నీ అడిగే మనిషి కాదు. "బయటికొచ్చేటప్పుడండీ. సుద్దముక్కతో బోర్డు మీద బరికినట్టు సన్నగా కీచుమంటుంది."

అయితే ఫ్యూజరే అనుకున్నాడు. చల్లారనిచ్చి విప్పాడు. లోపల తిరిగే స్లీవు తొడుగు నిండా గీతలు, ఒక పక్క అరిగి పల్చబడింది. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. కొత్తది బిగించి, కదిలే ప్రతి ముక్కనూ వేళ్లతో తడిమి చూసి మూత వేశాడు.

"ఫ్యాన్లు ఆపండమ్మా" అన్నాడు పాత దర్జాతో.

ఫ్యాన్లు ఆగాయి. గదిలో అందరూ మాటలు ఆపారు. స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒక కాగితం, రెండు, ఆరు. మోటారు మెత్తగా తిరుగుతోంది, కాగితం జారిపడుతోంది, అంతే. ఎంత విన్నా ఇంకేమీ లేదు. నెల రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయింది. ఇంటికెళ్లగానే భార్యకు చెప్పాలనుకున్నాడు.

"చూశావామ్మా, పీడ వదిలింది!" అంటూ కళ్లు తెరిచాడు.

క్లర్కమ్మాయి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉంది. మూల బల్ల దగ్గరి పెద్దాయన ముఖం చిట్లించి మిషన్ కేసి చూస్తున్నాడు. చివరి కాగితం పడ్డాక ఆ అమ్మాయి గబుక్కున చేతులు దించేసింది.

"పోయింది బాబాయ్‌గారూ" అంది, కళ్లలోకి చూడకుండా. "చాలావరకు పోయింది. ఆ రిపోర్టు ఇలా ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. 'చప్పుడు లేదు' అని రాసి సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చింది. ఉద్యోగం నిలబడటానికి అది చాలు. ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేయదు కూడా, పళ్ల బిగువున ఓర్చుకుంటుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని తలుపుదాకా వెళ్లాడు. ఇరవై ఆరేళ్లలో చప్పుడు చేస్తున్న మిషన్‌ను తెలిసి తెలిసి ఒక్కదాన్ని కూడా వదిలి రాలేదు.

వెనక్కొచ్చి పెన్ను అడిగాడు. ఆ అమ్మాయి రాసింది కొట్టేసి, కింద తన చేత్తో రాశాడు: 'చప్పుడు అలాగే ఉంది. నాకు వినపడటం లేదు. వేరే మనిషిని పంపండి.'

మెట్లు దిగుతుంటే పైనుంచి ఆ అమ్మాయి పిలిచింది. "బాబాయ్‌గారూ, మీ స్క్రూడ్రైవరు ఇక్కడే మర్చిపోయారు!"

ఆ మాట ఆయనకు స్పష్టంగానే వినపడింది. ఆగలేదు.