నాలుగు నట్లు, ఎర్ర చుక్కలు

అరచేతిలో పట్టే నాలుగు నట్లను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. బహుశా అందుకే ధైర్యం వస్తోంది. మధ్యలో సాకులు చెబుతాను. నా సంగతి నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

కువైట్‌లో, దజీజ్‌లోని ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, పాత అమెరికన్ కార్లంటే పిచ్చి. ఒక డొక్కు కారు తెప్పించి, పైకప్పు కోసి పొట్టి చేసి, ఇంజను బయటికి కనబడేలా, నేలను రాసుకుపోయేంత కిందికి దింపి కట్టించాడు. హాట్ రాడ్ అంటారు. దాని వెనక యాక్సిల్ పని నాది. యాక్సిల్‌ను బండి బరువు మోసే కమాన్ కట్టలకు కలిపి పట్టి ఉంచేవి యూ బోల్టులు. కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు వాటి నట్లను, ఒక్కో వైపు నాలుగింటిని, ఆనేవరకే తిప్పాలి. తర్వాత కారును నేలకు దింపి, బరువంతా కమాన్ల మీద పడ్డాక, ఒక మూల తర్వాత దాని ఎదురు మూల చొప్పున, సరిపడా బిగిసిందని టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించాలి. బిగించిన నట్టు మీద ఎర్ర పెయింటుతో చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆ కారును నేలకు దింపితే రెంచి పక్కనుంచి ఎలాగో దూరుతుంది గానీ, పెయింటు బ్రష్షు పట్టుకున్న చెయ్యి దూరదు. అందుకని స్టాండ్ల మీద ఉండగానే అన్నిటికీ చుక్కలు పెట్టేశాను. దింపాక ఎడమవైపు బిగించాను. కుడివైపుకు వెళ్లబోతుండగా కఫీల్ స్నేహితులతో దిగాడు. యల్లా, యల్లా అంటూ ఇంజను ఆన్ చేయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి మెచ్చుకున్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

కుడివైపు సంగతి మరిచిపోయానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. కారు తోలి చూడటానికి సత్తిబాబన్న తాళంచెవి అందుకున్నప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు నోరు తెరిస్తే, బిగించకుండా చుక్క ఎందుకు పెట్టావని అంతమంది ముందు అడుగుతారు. ఒక్క రౌండే కదా, రాగానే బిగిద్దాంలే అనుకున్నాను.

సత్తిబాబన్నది కోనసీమ. మా గ్యారేజీ డ్రైవరు. ఏ బండి రిపేరైనా మొదట అతను తోలి చూడాల్సిందే. మహబూలాలో ఇద్దరిదీ ఒకటే గది. నాది కడప జిల్లా. నేను పులుసు పెడితే కారంలో చేప ఎక్కడుందో వెతుక్కోవాలని ఆటపట్టించేవాడు, మళ్లీ గిన్నె ఊడ్చేసేదీ అతనే.

మలుపు దగ్గర అన్న యాక్సిలరేటర్ తొక్కగానే కుడివైపు యాక్సిల్ జారింది. కారు పక్కకు లాగేసి లైటు స్తంభాన్ని గుద్దింది. ప్రాణం దక్కింది, కుడి మణికట్టు విరిగింది. ఫోర్‌మన్ వంగి చూశాడు. కుడివైపు నాలుగు నట్ల మీదా చుక్కలున్నాయి. బోల్టుల తప్పేం లేదు, వీడే జోరుగా తొక్కాడు, గుద్దిన దెబ్బకు యాక్సిల్ కదిలింది అని తేల్చేశాడు. యాక్సిల్ విప్పే పని నాకే వచ్చింది. రెంచి అలా పెట్టానో లేదో నట్లు తిరిగిపోయాయి. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నాకు సిగ్గు కంటే ముందు హాయి కలిగింది. ఈ మాట రాయడం కష్టంగా ఉంది.

కఫీల్ ఖలాస్ అన్నాడు. అతని ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ చెయ్యలేదు. అన్న ఊరికి బయల్దేరేముందు నేనే అతని సామాను కట్టాను. కట్టు వేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"ఆ చుక్కలు నువ్వెట్టినయ్యే గదా తమ్ముడూ. నీ పని మీద నాకు అనుమానం లేదు. నా కాలే ఆగలేదు. వయసైపోతందేమో" అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేనన్నది ఇదీ:

"కొంచెం నిదానంగా పోయింటే బాగుండు కదన్నా."

అతను తలూపాడు.

ఇప్పుడు ఊళ్లో కొబ్బరి దింపుల లెక్క చూసుకుంటున్నాడు. స్టీరింగ్ ముట్టుకోడు. చుట్టాలు అడిగినా వెనక సీట్లోనే కూర్చుంటాడట. తనమీద తనకు నమ్మకం లేదని ఫోన్లో నవ్వుతూ చెబుతాడు. నేను అతని చెయ్యి ఒక్కటే విరిచానా? ఇప్పుడు ప్రతి నట్టునూ రెండోసారి చూసుకుంటాను. దానివల్ల అతనికి ఒరిగిందేమిటి?

ఇది అతనికి చదివి వినిపిస్తానని మాట ఇవ్వలేను. ఇన్నిసార్లు ఫోన్ తీసి పెట్టేసినవాణ్ని, నా మాట నేనే నమ్మను. కానీ ఈ ఒక్క ముక్క, గదిలో ఎవరూ లేనప్పుడు, పైకి చదివాను.

అన్నా, నీ కాలు ఏ తప్పూ చెయ్యలేదు. కుడివైపు నట్లు నేను బిగించలేదు. ఆ సంగతి తెలిసే, నువ్వు కారెక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను.