మా వదిన కొన్న జపాన్ కారు

పోయిన మంగళవారం పొద్దున మా అన్న ఫోన్ చేసి, "అమ్మీ, మీ వదిన లేదు" అన్నాడు. ఆదివారం దాకా ఫ్యాక్టరీలో తిరిగిన మనిషి. గుండెలో నొప్పి అంటే నంద్యాల తీసుకుపోయారు, అక్కడే పోయింది.

నేను కర్నూలు నుంచి బేతంచెర్ల చేరేసరికి ఫ్యాక్టరీ ఆపేసి ఉంది. నాపరాయి పాలిష్ చేసే మిషన్ల మోత లేకుండా ఆ ఇంటిని నేనెప్పుడూ చూడలేదు. అందుకే గేటు దగ్గర ఒక్క క్షణం వేరే ఇంటికి వచ్చానేమో అనిపించింది.

చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మందికి ఆమె పేరు తెలియదు. "కారు అమ్మ" అంటారు. ఆ ఫ్యాక్టరీని మా అన్నతో సమానంగా నడిపింది, ఇద్దరు బిడ్డల్ని పెంచింది. అయినా ఊరికి గుర్తున్నది కారే. కథ కూడా తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. అక్కడ ఉండి చూసినదాన్ని కనుక, జరిగింది జరిగినట్టు నేను చెప్తాను.

వదిన పుట్టిల్లు కర్నూలు. వాళ్ళ నాయనకు లారీలుండేవి. మిగతా ఆడపిల్లలు వంటింట్లో తిరిగే వయసులో ఈమె లారీల కింద దూరి, ఏ నట్టు దేనికో అడిగి తెలుసుకునేది. బి.ఎస్సీ. చదివే రోజుల్లో కాలేజీ దగ్గర బస్సు కోసం నిలబడితే రోజూ ఒక కారు పోయేది. కెన్యాలో పనిచేసి వచ్చిన ఒక డాక్టరు గారిది. రెండే డోర్లు, రెండే సీట్లు, పొడుగాటి బానెట్. జపాన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. ఆయన వస్తూ వస్తూ ఓడలో మద్రాసుకు తెచ్చుకుని, అక్కడినుంచి నడుపుకుంటూ వచ్చాడట.

"లారీల శబ్దం విని విని పెరిగినదాన్ని. అట్లాంటి ఇంజన్ మాత్రం యాడా వినలేదు. బస్సొచ్చినా ఎక్కకుండా అది పోయిందాకా నిలబడుకునేదాన్ని" అని నాకు చాలాసార్లు చెప్పింది.

పెళ్ళయి బేతంచెర్ల వచ్చేసింది. ఏళ్ళు గడిచాయి. డాక్టరు గారు పోయారు, కారు షెడ్డులో పడింది. 2003 ప్రాంతంలో, మా ఫ్యాక్టరీ లారీలు చూసే కర్నూలు మెకానిక్ ఒకాయన, మేమంతా భాయ్ అని పిలుస్తాం, మాటల్లో ఆ కారు సంగతి ఎత్తాడు. డాక్టరు గారి భార్య దాన్ని అమ్మాలనుకుంటోందట. వదిన ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"అమ్మీ, రేపు కాలేజీకి లీవు పెట్టు. మనిద్దరం ఒక బండి చూసేకి పోతాండాం."

నేను కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. కారంటే నాకు ఎక్కడం, దిగడం తప్ప ఏమీ తెలియదు. అయినా పోయాను.

ఇంటి వెనక రేకుల షెడ్డు. భాయ్ టార్పాలిన్ లాగితే లోపల్నుంచి ఒక కోడిపెట్ట అరుచుకుంటూ బయటికి దూకింది. సీట్లలో స్పాంజి ఎలుకలు పీకేశాయి. ముందు అద్దం పగిలి ఉంది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వదిన మొహం చూస్తే పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టుంది.

చేతిసంచీలోంచి గోనెపట్టా తీసి పరిచింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరింది. చాలాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి. తర్వాత బయటికొచ్చి, కాలిమ్యాట్లు ఎత్తి రేకు చూసింది. డోర్లు తెరిచి మూసింది. ఒక చిన్న అయస్కాంతం తీసి బాడీ అంతా ఆనించుకుంటూ పోయింది. పుట్టీ పెట్టి కప్పేసినచోట అయస్కాంతం అంటుకోదట. అంతటా అంటుకుంది గానీ, ఎడమవైపు ముందు భాగంలో ఒకచోట జారి పడింది.

"ఈడ దెబ్బ తగిలుండాది" అంది వదిన.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్న డాక్టరు గారి భార్య నవ్వింది. డెబ్బై దాటిన మనిషి. "అది నేను కొట్టిందేనమ్మా. నైరోబీలో మా ఇంటి గేటుకు."

"మీరు నడిపేవాళ్ళా?"

"ఆయన ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఆదివారం మాత్రం నాది. ఈడికొచ్చినాక ఎవురూ నడపనిచ్చిందే లేదు. ఆయన పోయినాక బండే నిలబడిపోయె."

అంతకుముందు పాత ఇనుము కొనే గుజిరీవాళ్ళు అడిగారట, ఇవ్వలేదు. హైదరాబాద్ నుంచి సినిమావాళ్ళు వచ్చారట. ఎందుకని అడిగితే కొండమీంచి కిందికి తోసే సీనుందన్నారట. వాళ్ళకు కాఫీ కూడా ఇవ్వకుండా పంపించానని చెప్పింది.

"నువ్వెందుకు కొంటాండావు?" అని అడిగింది వదినను.

"నడిపేకి" అంది వదిన.

ముసలామె లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది. "అట్లయితే తీసుకుపో. ఒకటే మాట. బండి నడిచిననాడు నన్నొకసారి స్టీరింగు ముందర కూచోబెట్టల్ల."

వదిన వెంటనే ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, "సరే పెద్దమ్మా. నా మాట" అంది. ఆమె తేలిగ్గా మాటిచ్చే మనిషి కాదని నాకు తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "వదినా, దాంట్లో ఏముందని అంత సంతోషం?"

"రేకు చూసినావా? యాడా తుప్పు పట్టలేదు. సముద్రం పక్కనుంటే ఎప్పుడో రాలిపోయుండు. మన ఎండలు మనల్ని మాడ్చినా, దీన్ని కాపాడినాయి. ఇంజన్ విప్పి బాగు చేసుకోవచ్చు అమ్మీ. రేకు పోతే బండే పోయినట్టు."

కారు లారీ మీద బేతంచెర్లలో దిగిన రోజు ఊరంతా వచ్చింది. మా అన్న గేటు దగ్గరే నిలబడి, "ఏమే, దీన్ని గుజిరీకి వేసేదానికైనా మళ్ళా లారీ మాట్లాడల్ల కదా" అన్నాడు. పనివాళ్ళు నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అన్న ఆ బండి వైపు పోలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి, కారుకు కొత్త షెడ్డు వేసి ఉంది. కింద మంచి నాపరాళ్ళు, సందు లేకుండా పరిచి ఉన్నాయి. ఎవరు వేయించారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంజన్ బిగుసుకుపోయింది. భాయ్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిల్, కిరసనాయిలు పోసి వదిలేశాడు. వారానికోసారి వచ్చి తిప్పి చూసేవాడు. కదిలేది కాదు. "చచ్చిపోలేదమ్మా, నిద్రపోతాండాది" అనేవాడు. ఒక మధ్యాహ్నం పానాకు ఇంజన్ అరంగుళం తిరిగింది. భాయ్ "యా అల్లా" అని అరిచిన అరుపుకు పనివాళ్ళు ఎవరికో దెబ్బ తగిలిందని పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు వదిన అందరికీ మైసూర్‌పాక్ తెప్పించింది.

సామాన్లు దొరకడమే పెద్ద కష్టం. నేనూ వదినా కర్నూలులో ఒక నెట్ సెంటరుకు పోయి, ఎక్కడెక్కడి దుకాణాలకో ఈమెయిళ్ళు రాసేవాళ్ళం. ఆమె చెప్పేది, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. చాలామంది జవాబివ్వలేదు. చివరికి నైరోబీలో స్పేర్ పార్ట్స్ అమ్మే ఒక గుజరాతీ పెద్దాయన రాశాడు. మీ కర్నూలు ఎక్కడుందో తెలియదు గానీ ఆ ఇంజను నాకు బాగా తెలుసు అని. కార్బరేటర్ల సామాను ఆయన దగ్గరినుంచే వచ్చింది. ముందు అద్దం బెంగళూరులో చేయించింది.

బాడీ పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చీర మీద మా అన్న పాత చొక్కా వేసుకుని, నీళ్ళు పోసుకుంటూ తానే రుద్దేది. రాళ్ళకు పాలిష్ చేయించి చేయించి ఆ చేతికి నునుపు తెలుసు. కళ్ళు మూసుకుని రేకు మీద వేళ్ళు నడిపేది. "కన్ను సరేలే అంటాది అమ్మీ. వేలు ఒప్పుకోదు" అనేది. నైరోబీ గేటు చేసిన సొట్టను పుట్టీ లేకుండా సుత్తితో కొట్టి సరిచేయడానికి నెలలు పట్టింది. తొందరేమని ఎవరడిగినా, "పూర్తి కాకుండా ఈ బండి గేటు దాటదు" అనేది. అన్నంత పనీ చేసే మనిషి.

మూడో ఏడు ఎండాకాలం ముందు నాకు కబురు తెలిసింది. డాక్టరు గారి భార్య పడిపోయి ఆసుపత్రిలో ఉండి వచ్చిందట. వాళ్ళమ్మాయి వచ్చే వారం ఆమెను బెంగళూరు తీసుకుపోతోందట, ఇక అక్కడేనట. వదినకు చెప్పాను. కారు అప్పుడు బూడిదరంగు ప్రైమర్‌తో ఉంది. బంపర్లు లేవు. డోర్ల లోపలి అట్టలు లేవు.

"ఆదివారం పెద్దమ్మను ఈడికి పిలుచుకొని రా" అంది వదిన.

"రంగు?"

"రంగు నాకు ముఖ్యం అమ్మీ, ఆమెకు కాదు."

భాయ్ శనివారమంతా బ్రేకులు చూసి, చూసి, మళ్ళీ చూసి సరే అన్నాడు. ఆదివారం ముసలామెను, వాళ్ళమ్మాయిని నేనే తీసుకొచ్చాను. వాళ్ళమ్మాయికి భయం. "ఊరికే కూచోబెట్టండి, చాలు" అంది. ఫ్యాక్టరీ నుంచి గనికి పోయే మట్టిరోడ్డు ఉంది. ఆదివారం ఆ దారిన పురుగు కూడా రాదు. అక్కడిదాకా వదిన నడిపింది. ఆగి, దిగి, ముసలామెను చెయ్యి పట్టి ఇటువైపు తెచ్చి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. తాను పక్క సీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసుకుంది.

మేమంతా వెనకే వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాం. ముసలామె స్టీరింగును రెండుచేతులా తడిమింది. కాలితో క్లచ్చు వెతుక్కుంది. గేరు పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి, మెల్లగా కదిలింది. తర్వాత రెండో గేరు వేసింది. వాళ్ళమ్మాయి "అమ్మా!" అని అరిచింది. ఎర్రమట్టి లేచింది. ఆ దుమ్ములోంచి ఇద్దరాడవాళ్ళ నవ్వు వినిపించింది.

తిరిగొచ్చి ఆగినాక ముసలామె వెంటనే దిగలేదు. "క్లచ్చు కొంచెం గట్టిగుండాది" అంది.

"సరిచేస్తా పెద్దమ్మా" అంది వదిన, చాలా మర్యాదగా.

ఆ ఏడాది చివర్లో ముసలామె బెంగళూరులో కన్నుమూసింది. అప్పటికి వదిన క్లచ్చు సరిచేసింది.

రంగు పడ్డాక హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనకు తీసుకుపోయాం. ముదురు ఆకుపచ్చ రంగులో అది నిలబడితే పక్క కార్ల ఓనర్లు కూడా వచ్చి చూశారు. బహుమతులిచ్చే పెద్దమనిషి ఒకాయన నేరుగా మా అన్న దగ్గరికి వచ్చి ఇంజన్ గురించి ప్రశ్నలు మొదలుపెట్టాడు. మా అన్న చేతిలో ఉన్నది పైకెత్తి చూపించాడు. "నన్నడిగితే ఏం తెలుస్తాది సార్? నేను టిఫిన్ క్యారియర్ పట్టుకొచ్చినోణ్ణి. బండి ఆమెది" అన్నాడు. మా అన్న ఏ మాటనూ అంత గర్వంగా అనగా నేను వినలేదు. బహుమతి వేరే కారుకు వచ్చింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. ఆ మాట మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఆమె పోయినప్పటినుంచి నాకు ఒక రోజు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. హైదరాబాదు నుంచి వచ్చాక అహోబిలం పోయిన రోజు. రెండే సీట్ల కారులో నేనూ వదినా. మా అన్న, "మీరిద్దరూ పోండి" అని టెంకాయల సంచీ పట్టుకుని బస్సెక్కాడు. బనగానపల్లె దాటాక రోడ్డు పక్కన మామిడికాయలు అమ్ముతుంటే ఆగాం. అమ్మేవాడు కాయలు వదిలేసి కారు దగ్గరికొచ్చాడు. వెనక సైకిళ్ళవాళ్ళు ఆగారు. వదిన బానెట్ ఎత్తింది. అంతలో అన్న ఎక్కిన బస్సు వచ్చి మా వెనక నిలబడింది, జనం దిగి మూగారు. డ్రైవరు కూడా హారన్ కొట్టకుండా దిగొచ్చాడు. వదిన కొంగు నడుముకు దోపుకుని, చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్కటే చూపిస్తోంది. "ఇది కార్బరేటర్. రెండుంటాయి. ఈ మాట వినప్పా, చెయ్యి పెట్టొద్దు, కాలుతాది." అందరి తలలూ లోపలికి వంగి ఉన్నాయి. దగ్గరికి రావడానికి సందు దొరక్క, మా అన్న బస్సు ఫుట్‌బోర్డు మీదే నిలబడి, సంచీ చంకలో పెట్టుకుని, మునివేళ్ళ మీద లేచి లేచి చూస్తున్నాడు.