ట్యాంకు చార్టులో రెండు సెంటీమీటర్ల తేడా

అది 2023. సర్జాపుర రోడ్డులో కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంటుకు వెళ్లాను. అక్కడ జనరేటర్ కోసం పెట్టిన డీజిల్ ట్యాంకుకు డిప్ రాడ్ చేసివ్వాలి. ట్యాంకులోకి దించి, ఎంతవరకు తడిసిందో చూసి, లోపల ఎన్ని లీటర్లున్నాయో చెప్పే గీతల కడ్డీ అది. కాటన్‌పేటలో చిన్న షాపు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను.

పడుకోబెట్టిన పీపాలాంటి ట్యాంకుకు గీతలు సమాన దూరంలో పెడితే తప్పు. మీటరు వ్యాసం, రెండు మీటర్ల పొడవుంటే మొత్తం 1,571 లీటర్లు. పావు ఎత్తుకు పావు వంతు, అంటే 393 లీటర్లు ఉంటాయనుకుంటారు. ఉండేది 307. అందుకే కొత్త ట్యాంకులో యాభై లీటర్ల క్యానుతో నీళ్లు పోస్తూ క్యానుకో గీత పెడతాను. దీన్ని కాలిబ్రేషన్ అంటారు.

ఆ ట్యాంకును బిగించిన ప్లంబరు నరసింహులు హిందూపురం వైపు మనిషి. అతని కూతురు హేమ బి.ఎస్సీ.లో మ్యాథ్స్, ఫిజిక్స్ కలిపి చదువుతోంది. మ్యాథ్స్‌లో క్లాస్ ఫస్ట్. ఫిజిక్స్ ల్యాబ్‌లో మాత్రం ఏ ప్రయోగం చేసినా పుస్తకంలోని జవాబు రాదు. ఫిజిక్స్ వదిలేసి కంప్యూటర్స్‌కు మారతానని ఫారం నింపి పెట్టుకుంది. సోమవారం ఆఖరు రోజు. నన్నడిగితే, లెక్కలు వస్తే చాలు, మారిపోమన్నాను.

ఆదివారం పొద్దున తండ్రితో సైటుకొచ్చింది. ఇంటిగ్రేషన్ చేసి, అంటే ట్యాంకును సన్నని పొరలుగా ఊహించి కూడి, ఎన్ని లీటర్లకు ఎంత ఎత్తు తడవాలో చార్టు రాసి తెచ్చింది. క్యాన్లు మోసేది నరసింహులు.

"పాప కాగితంలో అంతా రాసినాక ఈ నీళ్లెందుకు మోసేదన్నా? నడుము పోతా ఉండాది" అన్నాడు.

పదిహేనో క్యాను పోశాం. 750 లీటర్లు. చార్టు ప్రకారం 48.2 సెంటీమీటర్లు తడవాలి. రాడ్ 50.2 చూపించింది.

హేమ ముఖం చిన్నబోయింది. "చూశారా అంకుల్, ల్యాబ్‌లోనూ ఇంతే. రేపు ఫారం ఇచ్చేస్తా."

ఆమె లెక్కను రెండుసార్లు చేసి చూశాను. తప్పు దొరకలేదు. క్యాను మళ్లీ కొలిచాను. సరిగ్గా యాభయ్యే. ఇంతలో ఆమె నా నోటు పుస్తకం తీసుకుని పన్నెండు, పదమూడు, పద్నాలుగు క్యాన్ల కొలతలు చార్టుతో పోల్చింది. అన్నిటికీ రెండే తేడా.

"అంకుల్, నాది పొరపాటైతే తేడా ఒక్కోసారి ఒక్కోలా రావాలి కదా? ఇది కదలడం లేదు. ట్యాంకు సమంగా ఉందా?"

లెవెల్ ట్యూబ్ తీశాం. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం అది. ట్యాంకు ఒక కొస రెండో కొస కంటే నాలుగు సెంటీమీటర్లు కిందికుంది. రాడ్ దించే రంధ్రం ఆ పల్లపు కొసనే. మధ్యలో చూస్తే లోతు రెండు తక్కువ, అంటే 48.2.

నరసింహులు క్యాను దింపి, "ఆ పక్క కాళ్ల కింద పట్టీ పెట్టింది నేనే. మడ్డి ఈ పక్కకి దిగితే కడిగేది సులువు. ఎప్పుడూ అట్లే పెడతాం" అన్నాడు.

"మరి చెప్పలేదేమప్పా?" అన్నాను.

"మీరు అడగలేదు కదన్నా."

హేమ నవ్వి నవ్వి ట్యాంకుకు ఆనుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ, కొంచెం సిగ్గు కూడా వేసింది. నీళ్లు పోసి పెట్టిన నా గీతలు ట్యాంకు వాలుతో సహా సరిగ్గానే వచ్చేవి. నా పాత పుస్తకంలోని ట్యాంకుల పట్టికతో కలవనప్పుడల్లా అది అచ్చుతప్పు అనుకుని, పెన్సిలుతో దిద్దుకుంటూ వచ్చాను.

మిగిలిన పదహారు క్యాన్లు తండ్రీకూతుళ్లు చెరోవైపు పట్టుకుని పోశారు. మారిపోమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, ఫారం సంగతి అడిగాను.

"ఇవ్వను అంకుల్. రేపు లోలకం ప్రయోగం మళ్లీ చేస్తా. అదీ ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోంది. ఎందుకో చూడాలి."

ఆ రోజు నుంచి ఏ ట్యాంకు దగ్గరికెళ్లినా ముందు లెవెల్ ట్యూబ్ పరుస్తాను. కాళ్ల కింద ఏం పెట్టావని ప్లంబర్‌ను అడిగి, ఆ వాలు చార్టు పైన రాస్తాను. పుస్తకంలో నేను దిద్దిన అంకెలన్నీ రబ్బరుతో చెరిపేశాను. పదకొండు ఉన్నాయి.