తమ్ముడి పేరు చెప్పి కొన్న ట్యూబ్

2023 ఎండాకాలం. గద్వాలలో మెడికల్ షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఫార్మసిస్టుగా నాకొక చెడ్డ అలవాటు ఉండేది. ఎదుటి మనిషి బాధ పూర్తిగా చెప్పకముందే నా చెయ్యి అర మీదికి పోయేది. దాన్ని చురుకుదనం అనుకుని మురిసిపోయేదాన్ని.

నర్సింహులన్న మా పక్క వీధిలో చీరలు నేస్తాడు. నలభై ఎనిమిదేళ్లు. షుగర్ గోలీలు నెలనెలా మా దగ్గరే కొంటాడు. ఆ ఏడాది కళ్లు మసకబారి జరీ పోగు సరిగ్గా ఆనడం లేదని హడలిపోయాడు. షుగర్ అదుపులోకి రాకపోతే చూపుకు నేను పూచీ కాదని డాక్టరు గట్టిగానే చెప్పాడట. దాంతో పొద్దున్నే పరుగెత్తే టీచర్లు, బ్యాంకు ఉద్యోగుల గుంపులో చేరాడు. మూడు నెలల్లో షుగర్ దిగింది. అన్న ముఖంలో మళ్లీ ధైర్యం కనిపించింది.

ఒకరోజు షాపులో అందరూ వెళ్లేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"చెల్లె, మా తమ్మునికి గజ్జల్ల మంట లేస్తుందట. ఎర్రగయింది. జర ఏమన్న మందియ్యి."

గజ్జల్లో మంట అనగానే తామర అనుకున్నాను. కాంబినేషన్ క్రీమ్ ట్యూబ్ తీసిచ్చాను. అంటే తామర మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపిన క్రీమ్. స్టెరాయిడ్ ఎరుపునూ మంటనూ రెండు రోజుల్లో అణిచేస్తుంది. రోజుల తరబడి రాస్తే మాత్రం చర్మం పలచబడుతుంది, లోపల చీము పట్టినా పైకి తెలియదు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఈ సంగతులన్నీ తెలిసీ ఇచ్చాను.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. "మంచి మందిచ్చినవ్ చెల్లె, ఇంకోటియ్యి." ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు ట్యూబ్ జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే చూశాను. కాళ్లు రెండూ ఎడంగా వేస్తూ, పళ్లు బిగబట్టి దిగుతున్నాడు.

అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఒకరి చీటీ మందు ఇంకొకరికి ఇవ్వబోయి నాలుక కరుచుకున్నాను. పిలిచి అడుగుదామంటే ఆడమనిషిని, ఏమని అడగను? తమ్ముడికి కదా అని సర్దిచెప్పుకోబోతే ఆ నడక కళ్లముందుకొచ్చేది. మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి వాళ్లింటికే పోయాను.

మగ్గం ఆగి ఉంది. అన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లావిడ పద్మ వదినను అడిగాను.

"మీ మరిదికి ఎట్లుంది వదినా?"

"మరిదేంది? ఈయనకు తమ్ముడే లేడు. ముగ్గురు అక్కలే!"

అన్న ఇటు తిరగలేదు. "నువ్వు ఆడివిల్లవు. నీకెట్ల చెప్పాలె?" అన్నాడు గోడతోనే.

"మందమ్మేటప్పుడు నేను ఆడపిల్లను కాదన్నా. చూపియ్యి."

తొడల లోపలివైపు చర్మం కాగితంలా పలచబడి, ఒరుసుకుపోయి, ఒకచోట చీము పట్టింది. ఒళ్లు వేడిగా ఉంది. అది తామర కానే కాదు. చేఫింగ్, అంటే పరుగులో చర్మం చర్మానికో బట్టకో రాసుకుని లేచే పుండు. షుగర్ ఉన్న మనిషికి అది ముదిరితే కాలికే ముప్పు. వెంటనే దవాఖానకు పోవడానికి ఆటో పిలిపించాను.

ఆటో కోసం ఎదురుచూస్తూ పెరట్లోకి పోయాను. దండెం మీద అన్న పరుగు లాగు, నూలుది, గాలికి ఊగకుండా అట్టలా నిలబడి ఉంది. ముట్టుకుంటే గరగరలాడింది.

"గంజి పెట్టినవా వదినా?"

"పడుగు పోగులకు కాచిన గంజి ఇంట్ల ఎప్పుడుంటది గద. సదువుకున్నోళ్ల నడుమ ఉరుకుతడు, నలిగిన లాగుతోని పోతే ఏం బాగుంటదని నేనే పెడ్తున్న. ఏం, తప్పా?"

గంజి లాగు, చెమట ఉప్పు, రోజూ ఐదు కిలోమీటర్లు. గరుకు కాగితంతో రుద్దినట్టే. ప్రేమగా చేసిన పనిని తప్పనడానికి మనసు రాలేదు. అయినా, ఆ గంజే తొడలను ఒరిపించిందని చెప్పాను. వదిన లాగును దండెం మీదనుంచి లాగి బకెట్ నీళ్లలో ముంచింది. కళ్లనిండా నీళ్లు.

దవాఖానలో మూడు రోజులు ఉంచుకుని ఇంజెక్షన్లు ఇచ్చారు. పరుగు ఆగడంతో షుగర్ పైకి లేచింది. ఆ మూడు రోజులూ నేను షాపులో కూర్చోలేక, లేవలేక సతమతమయ్యాను. ఈ ట్యూబ్ ఎవరిచ్చారని డాక్టరు కోపంగా అడిగితే అన్న నోరు విప్పలేదట. ఆ మాట వదిన చెప్పినప్పుడు ఆ డాక్టరు చేత నేను తిట్టించుకున్నా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

పుండు ఆరడానికి నెల పట్టింది. తర్వాత జారుడుగా ఉండి చెమట పట్టి ఉంచని బట్టతో కుట్టిన, తొడలు కప్పే లాగు తెప్పించాను. పరుగుకు ముందు రాపిడి తగిలేచోట పెట్రోలియం జెల్లీ పల్చగా రాయాలని, రాగానే స్నానం చేసి తడి అద్దుకోవాలని, మళ్లీ ఎర్రబడితే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పాను. అన్న మళ్లీ ఉరుకుతున్నాడు. మగ్గం మీద కూర్చుంటున్నాడు.

"తప్పు నాదన్నా. ఏమైందని అడగకుండ ఇచ్చిన" అన్నాను ఒకరోజు.

"అడిగినా నేను చెప్పకపోతుంటి చెల్లె" అన్నాడు.

నన్ను ఊరడించడానికే అన్నాడు. కానీ నాకు ఊరట కలగలేదు. ఇప్పుడు గజ్జల మందు అడిగిన ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, పని ఏంటో, తొడిగే బట్ట ఏంటో, ఎన్నాళ్లనుంచో అడుగుతాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఈ కేసు నాకు నేర్పింది అదే. అయినా ఒక గుబులు పోదు. నర్సింహులన్న పక్క వీధి మనిషి గనుక ఆ నడక నా కంట పడింది. ఆ పదకొండేళ్లలో అదే ట్యూబ్ తీసుకుని వడ్డేపల్లి బస్సో, ఇంకో బస్సో ఎక్కి వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. నయమై రాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను.