మోచేతి లోతు

మా నాయన కుంట నీళ్ళను చేత్తో కొలిచేవాడు. గట్టున కూర్చుని, అరచెయ్యి పైకి తిప్పి నీళ్ళలోకి దించేవాడు. మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి మాయమైతే చేపలకు మేత ఉన్నట్టు. ఇంకా కనపడతా ఉంటే మేత పెరగడానికి పేడ వేయించేవాడు. నీళ్ళను పచ్చగా చేసే, కంటికి ఆనని ఆ మేతనే ప్లాంక్టన్ అంటారని నాకు బడిలో తెలిసింది. కుంటలో చేపలు పెంచే పది ఇళ్ళూ ఆయన మాట మీదనే నడిచేవి.

రెండేళ్ళుగా, మణికట్టు దాటకముందే అరచెయ్యి మాయమవుతా ఉండాది, ఎండలు ముదిరి నీళ్ళు చిక్కబడినాయి అనేవాడు. పేడ ఆపేసినారు. నేను ఉదయగిరిలో సైన్సు టీచర్ని, ఊరుకుంటానా? వాతావరణం మారి మన కుంట కూడా మారిందని క్లాసులో మా నాయన మాటనే సాక్ష్యంగా చెప్పినాను. ఎంత పొగరో నాకు.

ఆ తర్వాత సముద్రం పాఠం వచ్చింది. శాస్త్రవేత్తలు ప్లాంక్టన్ కోసం సన్నటి వల లాగి, అందులో పడినదాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. ఉపగ్రహంతో నీటి రంగు చూస్తారు. తెల్లటి పళ్ళేన్ని తాడుకు కట్టి దించి, ఎంత లోతులో మాయమైందో రాసుకుంటారు. ఏళ్ళ తరబడి రాస్తేనే, సముద్రం వేడెక్కేకొద్దీ ఏం మారిందో తెలిసేది. నా పిల్లల్లో సగంమంది సముద్రమే చూడలేదు. అందుకని స్టీలు పళ్ళేనికి తెల్లరంగు వేసి, వాళ్ళను మా కుంటకే తీసకపోయినాను.

తాడు రెండు మూరలు దిగినా పిల్లలు కనపడతా ఉండాదనే అన్నారు. పక్కన నిలబడిన మా నాయన మాత్రం జానెడు దిగకముందే మాయమైందన్నాడు. పిల్లలు నవ్వినారు. నేను పళ్ళేన్ని వదిలి ఆయన కళ్ళ వంక చూసినాను. ఏమీ అనిపించలేదు. రెండేళ్ళూ ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

కంటి నరం దెబ్బతినిందనీ, పోయిన చూపు రాదనీ, ముందే తెచ్చుంటే ఇంత దూరం రానిచ్చేవాళ్ళం కాదనీ ఆత్మకూరులో డాక్టరు చెప్పినాడు. తల ఊపినాను. చుక్కలమందు కొన్నాను. ఏడుపు రాలేదు, ఈ రోజుకీ రాలేదు.

బస్సు సగం దారి వచ్చినాక మా నాయన అడిగినాడు. "అయితే నీళ్ళలో మేతే లేదా? రెండేళ్ళు నా మాట మీద చేపల్ని పస్తు పెట్టినామా?"

అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

మరుసటి రోజు క్లాసులో నా మాట తప్పని ఒప్పుకున్నాను. సముద్రం మారేది నిజమే, అది చెప్పేవాళ్ళు ఒక్క కంటిని నమ్ముకోరు, నేను నమ్ముకున్నాను అని చెప్పినాను. సాయంత్రం ఇంటికొస్తే మా నాయన గట్టు మీద ఉన్నాడు. చేతిని మోచెయ్యి దాకా నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"నువ్వు చూసి చెప్పు," అన్నాడు.

అరచెయ్యి గీతలతో సహా కనపడతా ఉండాదని చెప్పినాను.