మొదటి ముద్రణలోని పిన్ని

కుట్టుమిషన్లు బాగుచేయడం అతని పని. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నూనెడబ్బా ఉండేది కాబట్టి వీధిలో వాళ్ళంతా అతన్ని నూనెడబ్బా అనే పిలిచేవారు. ఆ పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, కొత్తగా ఆ వీధిలోకి వచ్చినవాళ్ళు అదే అసలు పేరనుకుని వెనక 'గారు' కూడా తగిలించేవారు. అతనేమీ అనుకునేవాడు కాదు. జేబు కింద పడే జిడ్డుమరకల గురించి భార్య అనే మాటల ముందు ఇదొక లెక్కా అనుకునేవాడు.

మిషను బాగుచేసేవాణ్ణి జనం ఇంట్లోకి చాలా లోపలిదాకా రానిస్తారు. మిషను ఉండేది వంటగది గుమ్మం పక్కనో, పడకగది కిటికీ దగ్గరో. అతను అక్కడ బాసింపట్టు వేసుకుని కూర్చుని, షటిల్ ఊడదీసి, అందులో చిక్కుకున్న దారప్పోగులు పట్టకారుతో లాగుతూ, ఒక కన్ను అలమారాల మీద వేసి ఉంచేవాడు. పని అయిపోయాక చేతులు తుడుచుకుంటూ, ఏదో మాటవరసకి అన్నట్టు, పాత పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడిగేవాడు. ఎలాంటివి కావాలని అడిగితే ఏవైనా సరేననేవాడు. నిజానికి అతనికి కావలసింది ఒకే ఒక్క పుస్తకం.

అదొక నవల. అతను బడికి వెళ్ళే రోజుల్లో వచ్చింది. మొగుణ్ణి వదిలేసి అక్క ఇంటికి వచ్చేసిన ఒక ఆడమనిషి, బట్టలు కుట్టుకుని బతుకుతూ, తనకి నచ్చిన మగవాళ్ళతో తనకి నచ్చినన్నాళ్ళు ఉంటుంది. కథ మొత్తం అంతే. అలాంటి కథలు అంతకుముందూ వచ్చాయి. కానీ వాటిలో ఆడమనిషి చివరికి విషమో మింగేది, కాకపోతే ఎవరి కాళ్ళమీదో పడి ఏడ్చేది. ఇందులో ఆమె చివరి పేజీలో కొత్త మిషను కొనుక్కుంటుంది. పెద్దమనుషులకి ఒళ్ళు మండింది అక్కడే. సభలు పెట్టారు, కేసు వేశారు, పుస్తకాన్ని నిషేధించారు. పోలీసులు ప్రెస్సులో ఉన్న కాపీలన్నీ పట్టుకెళ్ళి నుజ్జు చేయించారు. అప్పటిదాకా ఆ పుస్తకం పేరు కూడా వినని ఊరు దానికోసం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ నవల రాసినాయన అంతకు కొన్నేళ్ళ ముందు నూనెడబ్బా వాళ్ళ ఇంట్లో మేడమీద గదిలో అద్దెకుండేవాడు. అతని పిన్ని మొగుణ్ణి వదిలేసి అక్క ఇంటికి వచ్చిన మనిషి. బట్టలు కుట్టేది. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని, అవి జారకుండానే గలగలా మాట్లాడేది. నవలలో ఆమె అచ్చుగుద్దినట్టు అలాగే మాట్లాడుతుంది. ఎడమ కనుబొమ మీద గాటు కూడా వదల్లేదు ఆ మహానుభావుడు.

అతనికి ఆరేళ్ళప్పుడు తల్లి జబ్బుచేసి పోయింది. ఆనాటి నుంచి పెంచింది పిన్నే. పుస్తకం బయటికి వచ్చినప్పుడు బడిలో పిల్లలు అతన్ని చూసి దారం, సూది అని సైగలు చేసేవారు. తండ్రి రేవులో గుమస్తా, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరితోనూ పోట్లాడలేదు, పిన్నిని ఒక్క మాట అనలేదు. ఇల్లు మాత్రం ఊరి రెండో చివరికి మార్చేశాడు. సామాను బండిలో మిషను పక్కనే కూర్చుని పిన్ని, దార్లో ఎక్కడైనా గతుకులుంటే చూసి పోనీయమని బండివాడికి చెబుతూ వచ్చింది. పుస్తకం ఊసు ఆ ఇంట్లో అప్పుడూ ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

అతను ఆ పుస్తకాన్ని మొదటిసారి చూసింది పాతికేళ్ళ వయసులో. ఒకరింట్లో మిషను ఊగుతోందని పిలిస్తే వెళ్ళాడు. పొట్టిగా ఉన్న కాలు కింద ఎత్తుకోసం ఒక పుస్తకం పెట్టి ఉంది. తీసి దులిపి చూస్తే అదే. దాని బదులు చెక్కముక్క ఒకటి చెక్కి పెట్టి, పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం షాపు తలుపు సగం దించి చదివాడు. మగవాళ్ళ సంగతులు వచ్చినచోట చెవులు వేడెక్కాయి కానీ, అవన్నీ సైగల రూపంలో అతనికి ఎప్పుడో తెలిసినవే. నూటపన్నెండో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాడు. అక్కడ ఒక పేరా ఉంది. కింద గదిలో అక్క ప్రాణం పోతూ దాహం దాహం అని పిలుస్తుంటే, చెల్లెలు మేడమీద అద్దెకున్నవాడి గదిలో ఉంటుంది. పిలుపు వినబడుతుంది. అయినా లేవదు.

తల్లి పోయిన పూట అతన్ని పక్కింట్లో పడుకోబెట్టారు. ఏం జరిగిందో అతనికి తెలియదు. కనుబొమ మీద గాటుతో సహా అన్నీ సరిగ్గా రాసినవాడు ఈ ఒక్కటి ఎందుకు తప్పు రాస్తాడు? అతను పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పాత రేకుపెట్టెలో అడుగున పెట్టేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి పిన్ని వడ్డించిన అన్నం తిన్నాడు. అడగలేదు.

కానీ ఆ పేరా ఇంకెన్ని ఇళ్ళలో ఉందోనన్న ఆలోచన పట్టుకుంది. కనబడినచోటల్లా కొనేసి పెట్టెలో పడేస్తే, ఇక ఎవరూ చదవరు కదా అనుకున్నాడు. అలా మొదలైంది.

ఊళ్ళో పాతపుస్తకాల షాపాయన ఒకడుండేవాడు. ఎప్పుడు చూసినా పుస్తకాల గుట్టల్లో దూరి ఉంటాడని అందరూ చెదలు అనేవారు, ఆయనా ఆ పేరుకే పలికేవాడు. ఈ పుస్తకం కోసమే పదేపదే వస్తున్నాడని కనిపెట్టి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఈ నవల మొదట్లో మూడుసార్లు అచ్చయిందన్నాడు. మొదటిది పోలీసులు పట్టుకుపోగా మిగిలింది, బహు తక్కువ. రెండోది నిషేధం ఉన్న రోజుల్లో ఎవరో గుట్టుచప్పుడు కాకుండా వేసిన దొంగముద్రణ. పైన లెక్కల పుస్తకం అట్ట ఉంటుంది, లోపల పేజీల మీద మొదటిదాని సంవత్సరమే ఉంటుంది. పైఅట్ట ఊడిపోతే దాన్నే మొదటిదని చెప్పి జనాన్ని ముంచేస్తారు. మూడోది నిషేధం ఎత్తేశాక రచయిత తానే వేసుకున్నది. అందులో నూటపన్నెండో పేజీలో ఒక పేరా ఎగిరిపోయింది.

ఎందుకు తీసేశాడని అతను అడిగాడు. కోర్టుకి భయపడి ఉంటాడని చెదలు తేల్చేశాడు.

దొంగముద్రణని పట్టుకునే కిటుకు కూడా చెప్పాడు. అసలు ముద్రణలో ఏడో అధ్యాయం మొదటి వాక్యంలోనే 'కత్తెర' అన్న మాటకి ఒత్తు లేదు, 'కతెర' అని పడింది. దొంగముద్రణ వేసినవాడు దాన్ని సరిచేశాడు.

"గుర్తుపెట్టుకోండి. తప్పుంటే అసలు, ఒప్పుంటే దొంగ. లోకంలో ఇంకెక్కడా ఈ లెక్క చెల్లదు" అన్నాడు చెదలు, తన మాటకి తానే మురిసిపోతూ.

ఆ తర్వాతి విషయం అతను తనంతట తానే కనుక్కున్నాడు. మొదటిదాన్ని దారంతో కుట్టారు, దొంగదాన్ని తీగతో కొట్టారు. పుస్తకం నడుమ తెరిస్తే చాలు, దారం ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగిందో, తీగ తుప్పు ఎక్కడ పట్టిందో కనిపిస్తుంది. ఆ దారం రెండుపోగులదని, ముడి లోపలివైపు వేశారని కూడా పసిగట్టాడు. ఇలా ఒక్కొక్కటీ తెలుస్తుంటే అతనికి సరదా పుట్టుకొచ్చింది. దాచెయ్యడానికి మొదలుపెట్టినవాడు, కొత్త కాపీ దొరికితే లోలోపల గంతులు వేసే స్థితికి వచ్చాడు. పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు అతని షాపుకి వచ్చి, తమ దగ్గరున్నది అసలుదేనా అని చూపించుకుని పోయేవారు. పిన్నిని తలుచుకుంటే ఆ సరదాకి సిగ్గేసేది. సిగ్గుపడుతూనే ఇంకోటి కొనేవాడు. ఎందుకు కొంటున్నాడో తెలిసింది భార్య ఒక్కదానికే. ఆమె బళ్ళో డ్రాయింగు టీచరు. దాచుకోవడానికి కొనే మొగుణ్ణి చూశాను గానీ, దాచెయ్యడానికి కొనే మొగుణ్ణి ఎక్కడా చూడలేదని నవ్వేది. పిన్ని చెవిన మాత్రం వేయలేదు.

పాతికేళ్ళకి పైగా అలాగే గడిచిపోయాయి. తండ్రి పోయాడు. రచయిత కూడా ఎక్కడో దూరాన పోయినట్టు పేపర్లో వచ్చింది. పిన్నికి డెబ్బై దాటాయి. చూపు మందగించినా మిషను ముందు కూర్చోవడం మానలేదు.

ఒక రోజు అతను పనిమీద బయటికి వెళ్ళినప్పుడు చెదలు తిన్నగా ఇంటికే వచ్చేశాడు. చేతిలో ఒక కాపీ ఉంది. తలుపు తీసింది పిన్ని. ఆ పెద్దావిడ ఎవరో చెదలుకి తెలియదు. మీ అబ్బాయికి ఈ పుస్తకం చూపించి పోదామని వచ్చానన్నాడు. దీని మొదటి ముద్రణ సంగతి మీ అబ్బాయికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనీ, ఇంట్లో పెట్టెడు కాపీలు ఉండాలే అనీ, అడగని సంగతులు కూడా చెప్పాడు. పిన్ని ఆయనకి టీ ఇచ్చి, పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళమంది.

అతను వచ్చేసరికి పిన్ని కిటికీ దగ్గర భూతద్దం పట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. ఏ పేజీయో అతనికి దూరం నుంచే తెలిసింది.

"ఎప్పుడు చదివావురా ఇది?" అంది.

తనకి పాతికేళ్ళ వయసప్పుడని చెప్పాడు.

"మగవాళ్ళ సంగతులు ఏం రాసుకున్నాడో రాసుకున్నాడు. సగం నిజం, సగం వాడి సరదా. దానికి నేనేమీ అనలేదు. ఇదొక్కటే తీసెయ్యమన్నాను."

అతనికి అర్థం కాలేదు. అప్పుడు పిన్ని సంగతంతా చెప్పింది. నిషేధం ఎత్తేశారని, మళ్ళీ వేస్తున్నారని విని, గుడ్డ కొనడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బస్సెక్కి రచయిత ఉండే ఊరికి వెళ్ళిందట. వాకిట్లోనే నిలబడి ఆ పేరా గురించి అడిగిందట. అక్క పోయిన పూట ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు. చెంచాతో నీళ్ళు పోసింది తనే. సగం నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోతుంటే తుడిచిందీ తనే. మేడమీద ఉన్నవాడు వాడొక్కడే.

"మరి అలా ఎందుకు రాశాడు?"

"నేనూ అదే అడిగాను. అలా ఉంటే కథ బాగుంటుందని రాశాను అన్నాడు."

పిన్ని భూతద్దం పక్కన పెట్టింది.

"నువ్వు నమ్మావా?"

అబద్ధం చెప్పడానికి అతనికి వ్యవధి ఉంది. భార్య కూడా వంటగదిలోంచి వింటోంది.

"నమ్మాను, పిన్నీ."

"నమ్మి, ఇన్నేళ్ళూ నాతో ఎలా ఉన్నావురా?"

"నువ్వు పిన్నివి కదా."

ఆ జవాబు ఆమెకి ఊరట కలిగించిందో, ఇంకా గుచ్చుకుందో అతనికి తెలియలేదు. ఆమె లేచి మిషను దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత చాలా రోజులు అతనితో నేరుగా మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే "మీ ఆయనతో చెప్పు" అని అతని భార్యతో అనేది, అతను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. అతను బతిమాలలేదు. ఏమని బతిమాలతాడు? ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేదని అతనికీ తెలుసు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాడు. భార్య మాత్రం ఒకసారి పిన్నితో, "అత్తయ్యా, ఆయన అడగలేదు నిజమే, మీరు మాత్రం చెప్పారా?" అంది. పిన్ని ఆ మాట గురించి ఆలోచించినట్టే ఉంది.

ఒక సెలవురోజు పొద్దున్న పిన్ని తనే అతన్ని పిలిచి ఆ పెట్టె దించమంది. అతను రేకుపెట్టె దించి మూత తీశాడు. గుడ్డల్లో చుట్టినవన్నీ విప్పి నేలమీద పరిచాడు. ఏది ఏదో చెప్పమని పిన్ని అడిగింది. మొదట బెరుకుగా మొదలుపెట్టినా, దారం సంగతికి వచ్చేసరికి అతనికి ఉత్సాహం ఆగలేదు. పిన్ని దారం వేలితో తడిమి చూసి రెండుపోగులేనని ఒప్పుకుంది, ముడి మాత్రం చేతకానివాడు వేశాడంది. 'కతెర' చూపిస్తే పైకే నవ్వింది.

"వాడికి కత్తెర పట్టుకోవడమూ రాదు, రాయడమూ రాదు" అంది.

వీటిని ఏం చేద్దామని అతను అడిగాడు. కాల్చేయమంటే కాల్చేయడానికి కూడా అతను సిద్ధమే. కాకపోతే మనసులో ఒక మూల బాధగా ఉంది.

"లైబ్రరీకి ఇచ్చెయ్. మొదటిదీ, వాడు తర్వాత వేసిందీ పక్కపక్కనే పెట్టమను. ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదని చూసినవాళ్ళకి తెలుస్తుంది."

ఈ సంగతి తెలిసి చెదలు తల పట్టుకున్నాడు. నాలుగైదైనా తనకి అమ్మమన్నాడు. ఆ పెద్దావిడ ఎవరో కూడా అప్పటికి ఆయనకి తెలిసిపోయింది; పోనీ, ఆవిడ చేత ఒక్క కాపీ మీద సంతకం చేయించమన్నాడు, అలాంటిది ఇంకెక్కడా ఉండదని ఆశపెట్టాడు. అతను ఆ మాట ఇంట్లో చెబితే, "రాసింది నేనా, సంతకం పెట్టడానికి?" అని పిన్ని కొట్టిపారేసింది. చెదలు కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

లైబ్రరీలో పనిచేసే ఆవిడ పుస్తకాలన్నీ తీసుకుని, ఒక్కోదానికీ వివరం రాయమంది. అతను దారం గురించి, తీగ గురించి, ఒత్తు గురించి రాశాడు. మూడోదాని దగ్గర 'నూటపన్నెండో పేజీలో ఒక పేరా తొలగించారు' అని రాసి, కారణం రాయాలా వద్దా అని ఇంటికి వచ్చి పిన్నిని అడిగాడు. కారణం ఎవరైనా అడిగితే చెప్పమంది, కార్డు మీద రాయొద్దంది.

అడిగినవాళ్ళు పెద్దగా లేరు. ఏడాది తర్వాత ఆ నవల మీద ఏదో రాసుకుంటున్న ఒక చదువుకునే అమ్మాయి కార్డు చూసి అతని షాపుకి వచ్చింది. అతను ఆ అమ్మాయిని ఇంటికి తీసుకువెళ్ళి పిన్ని ముందు కూర్చోబెట్టాడు. పిన్ని ఆ పేరా సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేసింది. తర్వాత ఆ అమ్మాయి చొక్కా కాలరు ఒక పక్కకి లాగుతోందని గమనించి, విప్పి ఇమ్మని, తన శాలువా కప్పించి, మధ్యాహ్నమంతా కాలరు ఎలా కత్తిరిస్తే నిలబడుతుందో చెబుతూ దాన్ని విప్పి మళ్ళీ కుట్టింది. అక్క గురించి కూడా చెప్పింది, అక్క పాటలు బాగా పాడేదని, కుట్టు మాత్రం ఎంత నేర్పినా రాలేదని. అవి అతనూ మొదటిసారి వింటున్నాడు. సూదిలోకి దారం ఎక్కించి ఇస్తూ, పక్కనే కూర్చుని విన్నాడు.

ఆ అమ్మాయి రాసుకున్నది ఎక్కడైనా అచ్చయిందో లేదో వాళ్ళకి తెలియదు. చొక్కా మాత్రం సరిగ్గా కుదిరింది.