ఔటర్‌లో నిలబడిన నీలం ఇంజను

అది మన ఇంజను కాదు మిన్నూ. మొన్న వీడియో కాల్‌లో రైలు గది చూపిస్తుంటే నువ్వడిగావే, "అమ్మమ్మా, వో బ్లూ వాలా ఇంజన్ స్టేషన్ కే బాహర్ క్యూఁ ఖడా హై?" అని. ఆ నీలం ఇంజను స్టేషన్ బయటే ఎందుకు నిలబడిందంటే, జవాబు చిన్నదే. సిగ్నల్ పడలేదు గనక బయట ఆగింది. సిగ్నల్ ఇవ్వనిది నేను. ఎందుకివ్వలేదో చెప్పాలంటే మీ రైలు తాత కథంతా చెప్పాలి. నువ్వూ బంటీ కూర్చుని వినండి. తెలుగు అర్థం కానిచోట మీ అమ్మనడగండి.

మీ రైలు తాత పోయాడన్న మాట ఇంకా నా నోటికి అలవాటు కాలేదు. నా తమ్ముడు సత్యం, నాకన్నా చిన్నవాడు. నాకంటే ముందు వెళ్ళడానికి వాడికి ఏ హక్కూ లేదు. పోయిన నెలలో ఒక పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "అక్కా, కాస్త తల తిరుగుతోంది" అని కుర్చీలో కూర్చున్నాడు. నేను పంచదార నీళ్ళు కలిపి తెచ్చేసరికి తాగేవాడు లేడు. అంబులెన్స్ వచ్చింది, కాలనీ అంతా వచ్చింది, మీ నాన్న సెలవు పెట్టుకుని జోర్హాట్ నుంచి వచ్చి అన్నీ దగ్గరుండి చేయించాడు. నేను మాత్రం రైలు గది తలుపు ఇప్పటికీ మెల్లిగానే తీస్తున్నాను. జోరుగా తీస్తే గాలికి ప్లాట్‌ఫారం మీది బొమ్మ మనుషులు పడిపోతారని వాడు బతిమాలేవాడు.

ఇక్కడి ఢిల్లీ తెలుగువాళ్ళ పత్రిక వాళ్ళు సత్యం గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. నాకు సభల్లో చెప్పే మాటలు రావు, మీతో చెప్పినట్టు చెప్పడమే వచ్చు. ఇలాగే వేసుకోమన్నాను. ఇందులో ఒకాయన పేరు వస్తుంది, ఉంచొచ్చా అని అడిగారు. ఉంచమన్నాను. ఆ పత్రిక జనక్‌పురి ఒక్కటే కాదు, నోయిడా దాకా వెళుతుందట. వెళ్ళాలి.

మా అమ్మకి ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. రైలెక్కితే అందులోనే మంచినీళ్ళు. మూత తిప్పి బిగిస్తే బండి ఎంత ఊగినా చుక్క ఒలికేది కాదు. అమ్మ పోయాక అది తమ్ముడి దగ్గరికి చేరింది. వాడు సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండే రోజుల్లో ఒకసారి చూడడానికి వెళితే, వంటింటి గట్టు మీద ఆ చెంబు ముక్కలై కనిపించింది.

"ఒరే సత్యం, అమ్మ చెంబు కోసేశావురా?"

"అటక మీద కూర్చుని ఏం చేస్తుందక్కా? ప్రయాణాల చెంబు అది. మళ్ళీ ప్రయాణం కట్టిస్తున్నాను."

చాలాకాలం వాడితో మాట్లాడలేదు నేను. వాడు ఆ ఇత్తడిని కాల్చి, సాగగొట్టి, చుట్టి, ఇంజనుకి బాయిలరు చేశాడు. పగలు ఆఫీసు ఫైళ్ళు, సాయంత్రం ఆకురాయి. ఏళ్ళు పట్టింది. అరచేతిలో ఇమిడే ఆవిరి ఇంజను. ఒళ్ళంతా నల్లరంగు వేసి, బాయిలరు మీది గుండ్రటి డోముకి మాత్రం వెయ్యకుండా ఇత్తడి మెరుస్తూ వదిలేశాడు. ఆ డోము అమ్మ చెంబు మూతలోంచి తీసింది. మంచం కాళ్ళ చుట్టూ పట్టాలు పరిచి అది మొదటిసారి తిరిగిన రోజున నన్ను పిలిచాడు. నేను మూతి ముడుచుకుని చూస్తున్నాను. ఒక చుట్టు తిరిగి నా కాళ్ళ దగ్గర ఆగింది. "నీళ్ళు తాగుతావా అక్కా?" అన్నాడు. నవ్వొచ్చేసింది. కోపం అక్కడితో పోయింది.

రిటైరయి జనక్‌పురి ఫ్లాట్‌కి వచ్చాక మంచం కింది రైలు ఒక గదంతా ఆక్రమించింది. మీ తాతగారు పోయి నేను ఈ ఇంటికి చేరేసరికి, ఆ గదిలో మనుషులు పడుకునే చోటు లేదు. ఒక స్టేషను, రెండు ప్లాట్‌ఫారాలు, గూడ్స్ బండ్లకి పక్క లైను, కిటికీ మూల దగ్గర, స్టేషన్‌లోకి రాకముందే బండిని ఆపే ఔటర్ సిగ్నల్. స్టేషన్ పేరు రాసే పసుప్పచ్చ బోర్డు ఖాళీగా వదిలేశాడు. ఎందుకురా అంటే, "ఎవరి ఊరి పేరు వాళ్ళు చదువుకుంటారు" అన్నాడు.

వాడిలాంటి వాళ్ళు ఈ ఢిల్లీలో ఇంకా ఉన్నారని నాకప్పుడే తెలిసింది. మండలి అని పేరు పెట్టుకున్నారు. నెలకో ఆదివారం ఒకరింట్లో చేరతారు. ఎవరి ఇంజను వాళ్ళు పెట్టెలో తెచ్చుకుని ఆ ఇంటివాళ్ళ పట్టాల మీద నడుపుకుంటారు. నడిపేది కొంచెం, చూపించుకునేది ఎక్కువ. చక్రం ఊడినా, తీగ తెగినా, టంకం పెట్టాలంటే అందరూ మన సత్యం దగ్గరికే తెచ్చేవారు. వాడికి అదే గొప్ప. మండలిలో కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఒకరి ఇంజను ఇంకొకరు ముట్టుకోకూడదు. సిగ్నళ్ళు ఇంటివాడివి, వాడు ఇస్తేనే బండి కదలాలి. ఎర్ర సిగ్నల్ దాటినవాడు ఆ పూట టీ కప్పులన్నీ కడగాలి. గుర్మీత్ సింగ్ గారని, మనింటికి వచ్చినప్పుడల్లా మాటల్లో పడి దాటేసేవారు. "దీదీ, ఆజ్ ఫిర్ మేరా నంబర్" అని, ఇవాళ మళ్ళీ తన వంతేనంటూ చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకి వచ్చేవారు. నాకంటే తెల్లగా కడిగేవారు కూడా.

భాస్కర్రావు గారని నోయిడాలో ఉంటారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మండలికి ఆయనే పెద్ద. ఒక ఏడాది అక్కడి మాల్‌లో రైళ్ళ ప్రదర్శన పెట్టారు. సత్యానికి ఆ రోజుల్లో మోకాళ్ళ నొప్పి, వెళ్ళలేకపోయాడు. "నీ ఇత్తడి ఇంజను లేకపోతే ప్రదర్శనే లేదోయ్, నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుని తెస్తాను" అని ఆయన పట్టుకెళ్ళారు. తరవాతి ఆదివారం మనింట్లోనే, అందరి ముందూ పెట్టె తెరిచారు. డోము ఊడిపోయి ఉంది. పొగగొట్టం వంగింది. ఒక ఇరుసు వంకర తిరిగింది.

"టంకం కచ్చాగా పెట్టావు సత్యం. మెట్రో కుదుపుకే ఊడిపోయింది" అన్నారాయన.

గుర్మీత్ గారు తలొంచుకున్నారు. అప్పుడే కప్పులు పట్టుకుని వంటింట్లోకి వస్తే నేనడిగాను. ఆయన నాకు చెప్పారు. ఎవరో టీవీ వాళ్ళు వస్తే, ఫొటో బాగుంటుందని భాస్కర్రావు గారు ఇంజనుని డోము పట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తారట. జారి నేల మీద పడిందట. చూసినవాళ్ళు నలుగురున్నారు. ఆ నలుగురిలో ఒక్కరూ గదిలో నోరు మెదపలేదు. పైగా తరవాతి నెల ఇద్దరు తమ ఇంజన్లు టంకానికి కరోల్‌బాగ్‌లో ఎవరికో ఇచ్చుకున్నారని తెలిసింది. అది తెలిసిన రోజు సత్యం అన్నం సగంలో వదిలేశాడు. ఇంజను విరిగిన రోజు బాధపడ్డాడు గానీ అన్నం వదల్లేదు.

పెట్టె తెరిచిన రోజు నేనైతే ఆయన్ని అక్కడే కడిగేసేదాన్ని. వాడు మాత్రం ముక్కలని బట్టలో చుట్టి, "టీ తీసుకోండి, చల్లారిపోతోంది" అన్నాడు ఆయనతో.

మళ్ళీ మనింట్లో మండలి కూర్చున్నప్పుడు చూడాలి. విరిగిన ఇంజనుని బాగుచెయ్యలేదు. స్టేషన్ పక్కన షెడ్డులో, అందరి కళ్ళూ పడేచోట నిలబెట్టాడు. భాస్కర్రావు గారు కొత్తగా తెప్పించుకున్న నీలం డీజిల్ ఇంజను తెచ్చారు. దీపాలు వెలుగుతాయి, నిజం ఇంజనులా కూత వేస్తుంది. అది ఔటర్ దాకా వచ్చింది. సిగ్నల్ పడలేదు. గుర్మీత్ గారి గూడ్స్ వెళ్ళింది, ఇంకొకరి ప్యాసింజరు వెళ్ళింది, నీలం ఇంజను కిటికీ మూల దీపాలు వేసుకుని నిలబడే ఉంది. భాస్కర్రావు గారు ఇంజనుని నడిపే మీటలున్న కంట్రోలరు చేత్తో పట్టుకుని కర్టెన్ పక్కన నిలబడ్డారు. సాయంత్రమైంది. ఇంజనుని పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మన వంతు వచ్చిన ప్రతిసారీ అదే తంతు. ఆయన రాకుండా ఉండలేదు, వీడు సిగ్నల్ ఇవ్వలేదు. ఎందుకివ్వవని ఆయన అడగలేదు. అడిగితే, ఎందుకో నలుగురిలో చెప్పుకోవాలి కదా.

"ఇన్నేళ్ళ కోపం ఏమిట్రా?" అన్నాను ఒకసారి.

"స్టేషన్ మాస్టరు కోప్పడడక్కా. సిగ్నల్ ఇవ్వడు, అంతే."

"ఎన్నాళ్ళివ్వవు?"

"ఔటర్‌లో ఆపితే డ్రైవరు ఏం చేస్తాడు? కూత వేస్తాడు. నేనిక్కడున్నాను, నా సంగతి చూడు అని. ఆయన ఇంజనుకి కూత ఉంది. ఒక్కసారి వెయ్యమను. మాట కూడా అక్కర్లేదు, కూత చాలు. ఆ క్షణం సిగ్నల్ ఇస్తాను. ఆ రాత్రే డోము అతికించుకుంటాను."

ఆ మాట గుర్మీత్ గారి ద్వారా నోయిడా చేరింది. చేరేట్టు చెప్పింది నేనే. అయినా కూత పడలేదు. నా చేతిలో సిగ్నల్ లేదు, టీ ఉంది. అందరికీ పొగలు కక్కేది ఇచ్చి ఆయనకి చల్లారాక ఇచ్చేదాన్ని. సత్యం కనిపెట్టేశాడు. "టీలో పగ కలపకక్కా. పట్టాల మీద ఉంది, చాలు" అన్నాడు. తరవాత వేడిగానే ఇచ్చాను, తమ్ముడి మాట మీద.

కర్మలయ్యాక మండలి వాళ్ళు వచ్చి, సత్యంజీ పేరు మీద ఈ గదిలో ఒక్క ఆదివారం బండ్లు నడుపుతామన్నారు. సరేనన్నాను. ఫొటోకి దండ వేశారు. భాస్కర్రావు గారు మాట్లాడారు. దివంగత మిత్రుడన్నారు, కళాతపస్వి అన్నారు, తీరని లోటన్నారు. అవన్నీ నిజమే. ఆ తరవాత, "సత్యానికీ నాకూ మధ్య ఇన్నేళ్ళలో ఒక్కనాడూ మాటా మాటా రాలేదు" అన్నారు. అదీ నిజమే. మాటొస్తే బాగుండేది.

సిగ్నళ్ళు ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. నేను వెళ్ళి వాడి కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ళు టీ ఇస్తూ చూస్తున్నదాన్ని, ఏ మీట నొక్కితే ఏ సిగ్నల్ చెయ్యి వాలుతుందో నాకు తెలియదా? గుర్మీత్ గారి గూడ్స్‌కి ఇచ్చాను. ప్యాసింజరుకిచ్చాను. నీలం ఇంజను ఔటర్‌కి వచ్చి ఆగింది. ఇవ్వలేదు.

గుర్మీత్ గారు నా దగ్గరికి వంగి, "దీదీ, ఆజ్ తో దే దీజియే. ఇవాళైనా ఇచ్చెయ్యండి" అన్నారు. ఆయనకి ఆ మాత్రం తెలుగు మన సత్యమే నేర్పాడు.

అప్పుడు కూత పడింది మిన్నూ.

పొడుగ్గా, గదంతా మోగేలా. మిగతా బండ్లన్నీ ఎవరివి వాళ్ళు ఆపేసుకున్నారు. మళ్ళీ ఇంకోసారి వేశారు. అందరూ నా చేతివైపు చూస్తున్నారు. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

మీ రైలు తాత అయితే ఆ క్షణమే ఇచ్చేవాడు. మాటిచ్చింది వాడు. నేనివ్వలేదు. షెడ్డులో అమ్మ చెంబు మూత ఊడి పడి ఉంది. అతికించే చేతులు ఫొటోలో ఉన్నాయి. ఇంత పెద్ద ఢిల్లీలో అలా అతికించగలవాడు నాకింకెక్కడ దొరుకుతాడు?

"కూత వినబడిందండీ భాస్కర్రావు గారూ" అన్నాను మెల్లిగా. "స్టేషన్ మాస్టరు లేరు."

ఆయన ముఖం ఎలా మారిందో చెప్పను. చూశాను, చాలా సేపు చూశాను, నాకది కావలసి వచ్చింది. ఆ తరవాత ఒక్క ప్రశ్న అడిగాను. కంట్రోలరు కిటికీ గట్టు మీద పెట్టి, ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఇంజను అక్కడే వదిలేశారు.

పోయిన వారం గుర్మీత్ గారితో కబురంపారు, ఇంజను పంపించమని. పంపనని నేననలేదు. అడిగినదానికి జవాబు చెప్పి పట్టుకెళ్ళమనండి అన్నాను. ఇప్పటిదాకా రాలేదు. అందుకని అది అక్కడే ఉంది. మీరు సెలవులకి వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకండి. నేను కూడా ముట్టుకోను, మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతానంతే. ఒకరి ఇంజను ఇంకొకరు ముట్టుకోకూడదని మీ రైలు తాత మండలి పెట్టుకున్న కట్టుబాటు, మనింట్లో అది తప్పదు.

నేనడిగింది ఏమిటంటావా? ఇక్కడే రాస్తాను, నోయిడాలో చదువుకోవడానికి కూడా వీలుగా ఉంటుంది. అంత దూరం నుంచి మా ఇంటి వంతు వచ్చినప్పుడల్లా ఒళ్ళో పెట్టె పెట్టుకుని వచ్చారు, సాయంత్రం దాకా ఆ మూల నిలబడ్డారు, వేలి కిందే మీట ఉంది. ఆ కూత మా తమ్ముడు వినేటప్పుడు ఒక్కసారి వేసుంటే మీకేం పోయేదండీ?